నేర్చుకునే ఏడాదికి ఎవరు ఆసరా?

(జీవనోపాధి, చేతివృత్తులు అనే అంశంపై పాలమూరులో ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీదికి రమ్మని పిలిచినప్పుడు మేము మొదట సంకోచించాము. మేము నాయకులము కాము, పండితులమూ కాము. ఒకప్పుడు ప్రైవేటు పాఠశాలల్లో పాఠాలు చెప్పినవాళ్లము. నేడు ఇళ్లలో టైల్స్ పరచే మిస్త్రీలము. ఐదుగురము కలిసి ఈ పనిలో దిగాము. ఇప్పటికి ముగ్గురము మిగిలాము. తక్కిన ఇద్దరిలో ఒకరు నడుము నొప్పికి తాళలేక కిరాణా దుకాణం పెట్టుకున్నారు. మరొకరు బడులు పూర్తిగా తెరవగానే తిరిగి పాఠాలకే వెళ్లారు. వారిద్దరినీ మేము ఓడినవారిగా లెక్కించడం లేదు. వారి అనుభవం కూడా మాదే గనుక, ఐదుగురి తరఫునా ‘మేము’ అని మాట్లాడుతున్నాము.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఏప్రిల్‌లో సగం జీతం వచ్చింది. మే నుండి అదీ లేదు. మాకు వచ్చే జీతం తొమ్మిది, పదివేల రూపాయలకు మించినది కాదు. దానిలో దాచుకున్నది ఎంత ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర లేదు. ఆన్‌లైన్ పాఠాలు చెప్పమన్నారు గాని ఆ పాఠాలకు జీతం ఎప్పుడు ఇస్తారో చెప్పలేదు. ఒకరు కూరగాయల బండి పెట్టారు. ఒకరు ఆటో అద్దెకు తీసుకున్నారు. అయితే వీధికి నాలుగు కూరగాయల బండ్లు వచ్చిన రోజులవి. కొనేవారి చేతిలో డబ్బు లేదు, అమ్మేవారు మాత్రం పెరిగిపోయారు.

ఆ ఏడాది చివర మాలో ఒకరి ఇంటికి ఒక యువకుడు వచ్చాడు. పదేళ్ల క్రితం మా దగ్గర చదివినవాడు. పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పి, మళ్లీ బడి గడప తొక్కనివాడు. ఇప్పుడు పట్టణంలో పేరున్న టైల్స్ మిస్త్రీ. బిడ్డ పుట్టిన సంతోషంలో మిఠాయి ఇవ్వడానికి వచ్చి, మా ఇంటి పరిస్థితి చూశాడు. కాసేపు మౌనంగా కూర్చుని, “సార్, తప్పుగా అనుకోకండి. నాకు ఇద్దరు మనుషులు కావాలి. మీరు వస్తారా?” అని అడిగాడు.

ఆ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. రాత్రంతా ఆలోచించి, మరునాడు ఐదుగురము కలిసి అతని దగ్గరకు వెళ్లాము. ఇద్దరిని అడిగితే ఐదుగురము వచ్చినందుకు అతడు నవ్వాడు. “పని ఉన్న రోజు అందరూ రండి, లేని రోజు వంతులు వేసుకుందాం” అన్నాడు. ఆ రోజు నుండి అతడు మాకు ఉస్తాద్. మేము అతనికి ఇప్పటికీ సార్.

మొదటి నలభై రోజులు మేము టైల్ పరచలేదు. ఇసుక జల్లించాము, మాలు కలిపాము, పెట్టెలు మూడో అంతస్తుకు మోశాము, గోడ టైల్స్‌ను నీళ్లలో నానబెట్టాము. మాలో కొందరికి కోపం వచ్చింది. డిగ్రీ, బి.ఇడి. చదివినవాళ్లము, చెబితే అర్థం కాదా, ఎందుకింత ఆలస్యం అని అడిగాము. అప్పుడు ఉస్తాద్ ఒక గోడ టైల్‌ను తిప్పి వెనుక వైపు నీళ్లు చల్లాడు. అది నీటిని వెంటనే పీల్చుకుంది. విట్రిఫైడ్ టైల్ వెనుక చల్లితే నీళ్లు అలాగే నిలిచాయి. “ఇది తాగుతుంది, అది తాగదు. తాగే దాన్ని నానబెట్టకపోతే సిమెంటులోని నీళ్లన్నీ లాగేస్తుంది, నాలుగు నెలలకు ఊడి పడుతుంది. తాగని దాన్ని గోడకు ఉత్త సిమెంటుతో పెడితే పట్టదు, దానికి అంటుకునే రసాయనం వేరే ఉంది. ఇది చేతికి తెలియాలి సార్, నోటికి కాదు” అన్నాడు. ఆ తరువాత మేము తొందర పెట్టలేదు.

ఈ పనిలో చూసేవారికి కనిపించేది పైన మెరిసే పలక. నేర్వవలసినదంతా దాని కింద ఉంటుంది. గదిలోకి వెళ్లగానే మొదటి పని లెవెల్ పైపు పట్టడం. పొడుగాటి సన్నని గొట్టంలో నీళ్లు నింపి, రెండు చివరలను రెండు గోడల దగ్గర పట్టుకుంటే నీటి మట్టం ఎక్కడ ఉన్నా ఒకటే. ఆ మట్టాన్ని నాలుగు గోడల మీదా గీసుకోవాలి. తరువాత మూలమట్టం. కంటికి చక్కగా కనిపించే గది కొలిస్తే ఒక చివర పది అడుగులు, మరో చివర పది అడుగుల ఒకటిన్నర అంగుళం ఉంటుంది. గోడను నమ్మి మొదలుపెడితే చివరి వరుస దగ్గర ఆ ఒకటిన్నర అంగుళం వంకర బయట పడుతుంది. అందుకే గోడను వదిలి దారాన్ని నమ్మాలి.

ఆ దారం వేసే పద్ధతి చూసిన రోజును మాలో లెక్కలు చెప్పినవారు మరచిపోలేరు. ఉస్తాద్ ఒక దారం మీద మూడు అడుగుల దగ్గర గుర్తు పెట్టాడు. దానికి అడ్డంగా వేసిన దారం మీద నాలుగు అడుగుల దగ్గర గుర్తు పెట్టాడు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి, సరిగ్గా ఐదు అడుగులు వచ్చేదాకా దారాన్ని జరిపాడు. “ఐదు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. గది పెద్దదైతే ఆరు, ఎనిమిది, పది” అన్నాడు. పదకొండేళ్ల పాటు నల్లబల్ల మీద పైథాగరస్ సిద్ధాంతం రాసి, పిల్లలచేత వల్లె వేయించిన మేము ఒక్క మూలనైనా ఎన్నడూ కొలవలేదు. లెక్కల్లో తప్పినవాడు రోజుకు నాలుగు సార్లు కొలుస్తున్నాడు. “ఇది మేము మీకు చెప్పిన పాఠమే” అంటే, “తెలుసు సార్. అప్పుడు అర్థం కాలేదు. దారం పట్టుకున్నాక అర్థమైంది” అన్నాడు. ఆ మాట మమ్మల్ని నిందించడానికి అన్నది కాదు. అయినా మేము సిగ్గుపడ్డాము. ఎందరు పిల్లలకు దారం చూపకుండా సిద్ధాంతం మాత్రమే అప్పజెప్పామో కదా అనిపించింది.

ఆ తరువాత టైల్స్‌ను సిమెంటు లేకుండా ఉత్తగా పరచి చూసుకోవడం, ముక్కలు ద్వారం దగ్గర పడకుండా మంచం కిందికో బీరువా వెనుకకో పోయేలా లెక్క వేయడం నేర్చుకున్నాము. పది అడుగులు పన్నెండు అడుగుల గదికి రెండడుగుల టైల్స్ కాగితం మీద ముప్పై చాలు. కోతలకు, పగుళ్లకు పదవ వంతు కలిపి ముప్పై మూడు తెప్పించాలి. తెచ్చిన పెట్టెలన్నింటి మీదా ఒకే బ్యాచ్ సంఖ్య ఉన్నదో లేదో చూడాలి. లేకపోతే హాలు సగం ఒక రంగు, సగం మరో రంగు అవుతుంది. పలక పరచిన తరువాత రబ్బరు సుత్తితో తడుతూ చెవి పెట్టి వినాలి. గట్టి శబ్దం వస్తే సరి. డొల్ల శబ్దం వస్తే, ఎంత అందంగా కూర్చున్నా లేపి మళ్లీ పరచాలి. యజమానికి ఆ శబ్దం తెలియదు. లేపాలా వద్దా అన్నది పరచినవాడి నిజాయితీ.

ఇప్పుడు మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. 2022 మొదట్లో ఉస్తాద్ లేకుండా మేమే ఒక పని ఒప్పుకున్నాము. పదవీ విరమణ చేసిన ఒక అమ్మగారి ఇంట్లో స్నానాల గది. రెండు రోజుల్లో ముగించి, గ్రౌటు నింపి, తుడిచి చూపించాము. ఆమె ఎంతో మెచ్చుకున్నారు. తరువాత ఒక బకెట్ నీళ్లు తెచ్చి కుమ్మరించారు. నీళ్లు జాలీ వైపు పోలేదు. గడప వైపు నడిచాయి. ఆమె ఏమీ అనలేదు. మేమే తల వంచుకున్నాము.

స్నానాల గదికి వాలు ఇవ్వాలని మాకు తెలుసు. అడుగుకు పావు అంగుళం అని నేర్పిన లెక్కా తెలుసు. అయితే జాలీని ప్లంబర్ కొంచెం ఎత్తుగా బిగించి పోయాడు. మేము అతన్ని అడగలేదు, కొలవనూ లేదు. జాలీ ఎక్కడ ఉంటే అదే పల్లం అనుకుని వాలు దించాము. పలకలు పరచకముందే మాలు మీద చెంబెడు నీళ్లు పోసి చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోయే సంగతి. పద్నాలుగు టైల్స్ పగులగొట్టి తీశాము. కొత్తవి మా డబ్బుతో తెచ్చాము. రెండు రోజుల కూలి పోయింది. ఆ రోజు సాయంత్రం ఉస్తాద్ వచ్చి చూసి, “ఇకనుంచి మీరు మరచిపోరు” అని మాత్రం అన్నాడు. ఆ అమ్మగారు తరువాత తమ చెల్లెలి ఇంటి పని కూడా మాకే ఇప్పించారు. తప్పు చేసినందుకు కాదు, తప్పును కప్పిపెట్టనందుకు ఇచ్చారని మా నమ్మకం.

సోదర సోదరీమణులారా, ఇంతవరకు పని గురించి చెప్పాము. ఇక మేము నిజంగా చెప్పవలసిన సంగతికి వస్తాము. మన సభల్లో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: మన యువకులు నైపుణ్యాలు నేర్చుకోవాలి, చేతిపనులు నేర్చుకోవాలి అని. అది మంచి మాటే. అయితే నేర్చుకునే కాలంలో ఇల్లు ఎలా గడుస్తుందో ఆ సభల్లో ఎవరూ చెప్పరు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి తండ్రి ఇల్లు ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, ముగ్గురు పిల్లలతో పని మార్చుకునేవాడికి ఆ ఏడాది ఎలా గడవాలి?

మా లెక్క మీ ముందు పెడతాము. మొదటి మూడు నెలలు ఉస్తాద్ మాకు రోజుకు 300 రూపాయలు ఇచ్చాడు. పని రానివాళ్లకు అది తక్కువేమీ కాదు. మా వల్ల అతనికి జరిగిన నష్టం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఐదుగురము వంతులు వేసుకున్నాము గనుక నెలకు పదిహేను రోజులు పని దొరికేది. అంటే 4,500 రూపాయలు. ఇంటి అద్దె 3,500. మిగిలిన వెయ్యితో నెలంతా బతకాలి. తరువాత హెల్పర్‌గా 500 వచ్చాయి. మిస్త్రీ కూలి చేతికి రావడానికి ఏడాది పైన పట్టింది. చేతి సామాన్లకు, కోసే యంత్రానికి ఒక్కొక్కరికి పన్నెండు వేల దాకా అయింది. ఈలోగా మా ఇళ్లలో ఆడవాళ్లు రాత్రి రెండు గంటల దాకా కుట్టు మిషన్ తొక్కారు. మెడలోని తులం బంగారం తాకట్టు పెట్టారు. పని నేర్చుకున్నది మేమే అని జనం అంటారు. ఆ ఏడాదిని మోసింది వారు. ఇక్కడ కూర్చున్న మా ఇంటివారికి ఈ సభాముఖంగా ఆ సంగతి చెప్పడం మా బాధ్యత.

మరొక సంగతి. 2021 ఫిబ్రవరిలో పై తరగతులకు బడులు తెరిచినప్పుడు మాలో ఇద్దరు తిరిగి వెళ్లారు. మార్చిలో మళ్లీ మూశారు. వారు మళ్లీ తాపీ పట్టారు. ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. మాలో ముగ్గురికి అవి అందాయి. అది రంజాన్ మాసం. ఉపవాసంతో ఎండలో మాలు మోసి ఇంటికి వచ్చేసరికి వంటింట్లో బియ్యం బస్తా ఉండటమంటే ఏమిటో మాకు తెలుసు. ఆ సాయం కొన్ని నెలలే సాగింది. అయినా ఆ నెలల్లో మేము పని వదలకుండా నిలబడ్డామంటే దానికి ఆ బియ్యం ఒక కారణం. అది అందని ఇద్దరిలో ఒకరు వడ్డీకి అప్పు తెచ్చారు. ఆ అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. అందుకే మేము చెబుతున్నాము: పని మార్చుకోవాలనుకునే మనిషికి లోపించేది సంకల్పం కాదు, ఆ కొద్ది నెలల బియ్యం.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికను ఈ పత్రిక పాఠకులు ఎరుగుదురు. దేశంలో ముస్లిం శ్రామికుల్లో 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఆధారపడ్డారని, హిందూ శ్రామికుల్లో ఆ సంఖ్య 55 శాతమని అందులో ఉంది. స్వయం ఉపాధి అనే మాట వినడానికి ఇంపుగా ఉంటుంది. దాని అర్థం, పని ఆగిన రోజు జీతం ఇచ్చేవారు లేరని, జబ్బు పడితే సెలవు లేదని, వృత్తి దెబ్బతింటే కొత్త వృత్తి నేర్చుకునే ఖర్చంతా ఇంటి మీదే పడుతుందని. అద్దాల పని, బీడీలు, దూది ఏకడం, గడియారాల మరమ్మతు, ఫొటో స్టూడియోలు ఇలా ఎన్ని పనులు మన కళ్ల ముందే తగ్గిపోయాయో లెక్కించండి. ప్రతి పని వెనుకా నడి వయసులో మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టవలసి వచ్చిన ఒక ఇల్లు ఉంది.

ఇక గౌరవం సంగతి. హైదరాబాదులో బాద్‌షాహీ అషూర్‌ఖానాకు మీలో చాలామంది వెళ్లి ఉంటారు. కుతుబ్‌షాహీల కాలపు ఆ రంగురంగుల పలకలను నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా జనం నిలబడి చూస్తున్నారు. బీదరులో 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా గోడ మీద మిగిలిన నీలి పలకలనూ అలాగే చూస్తున్నారు. మన పూర్వీకుల కళ అని పిల్లలకు చూపిస్తాము. అదే పలక పరచేవాడు మన వీధిలో సైకిల్ మీద, సిమెంటు అంటిన బట్టలతో వెళ్తుంటే ముఖం తిప్పుకుంటాము. మేమూ ఈ తప్పు చేశాము. మాలో ఒకరి ఇంట అమ్మాయికి సంబంధం వచ్చినప్పుడు, తండ్రి టీచరు అనే చెప్పమని మధ్యవర్తికి మేమే చెప్పాము. నలుగురము కూర్చుని ఆలోచించి చెప్పిన అబద్ధమది. మూడు రోజులు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు వెళ్లి, మేము టైల్స్ పని చేస్తామని అబ్బాయి తండ్రికి చెప్పాము. ఆయన నవ్వి, “మా ఇంటి మిద్దె మీద కురుస్తోంది, ఒకసారి చూస్తారా?” అన్నారు. పెళ్లి జరిగింది. దావూద్ ప్రవక్త తన చేతి కష్టంతో జీవించారని పిల్లలకు చెప్పే మనము, చేతి కష్టాన్ని దాచుకోవలసి రావడం ఏమిటో ఆలోచించాలి.

బయటి నుండి వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి. ఫోనులో రేటు, రోజు అన్నీ మాట్లాడుకుని, చివర పేరు అడిగి, ఆ తరువాత ఫోను ఎత్తనివారు ఉన్నారు. ఒకచోట సగం పని అయ్యాక వేరే వాళ్లను పెట్టుకున్నామన్నారు. కారణం చెప్పలేదు. ఇవి జరుగుతున్నాయి, జరగడం లేదని అనలేము. అలాగే, గృహప్రవేశానికి ముందు దేవుడి గది మీ చేతులతోనే పూర్తి కావాలని మమ్మల్ని అడిగిన కుటుంబాలు కూడా ఉన్నాయి. శుక్రవారం నమాజు వేళకు, “భాయి, ఆలస్యమవుతోంది, మీరు వెళ్లి రండి” అని గుర్తు చేసిన అమ్మలు ఉన్నారు. రెండూ నిజమే. మొదటివారి వల్ల కలిగిన బాధతో రెండోవారిని మరచిపోవడం న్యాయం కాదు. రెండోవారు ఉన్నారు గదా అని మొదటి అన్యాయాన్ని మాట్లాడకుండా ఉండటమూ న్యాయం కాదు.

మాకు అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసినది మాత్రం కాగితం లేకపోవడం. ఒక గుత్తేదారు దగ్గర మూడు ఇళ్ల పని చేశాము. నోటి మాట మీదే చేశాము. చివరికి కొలతల దగ్గర తేడా వచ్చింది. స్కర్టింగ్‌ను అడుగుల్లో లెక్కించాలా, చదరపు అడుగుల్లోనా అన్న చిన్న సంగతి మీద 14 వేల రూపాయలు ఆగిపోయాయి. అందులో సగం మాత్రమే, ఎనిమిది నెలలకు చేతికి వచ్చింది. అప్పటి నుండి ప్రతి పనికీ ఒక పుస్తకం పెట్టుకున్నాము. గది కొలత, చదరపు అడుగు రేటు, స్కర్టింగ్ రేటు, సామాను ఎవరిది, పగిలితే ఎవరు భరించాలి, బయానా ఎంత, మిగతాది ఎప్పుడు. పని మొదలుపెట్టే ముందే రాసి ఇద్దరమూ సంతకం చేస్తాము. టీచర్లుగా మేము ఈ వృత్తికి తెచ్చిన కొత్తదనం ఏదైనా ఉంటే అదే. చదువురాని తోటి మిస్త్రీలకు కూడా మేము రాసి పెడుతున్నాము.

హక్కుల సంగతీ అంతే. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. పెద్ద కట్టడాల వ్యయం మీద సెస్సు వసూలు చేసి, ఆ డబ్బు కార్మికుల సంక్షేమానికి ఖర్చు చేయాలని దాని ఉద్దేశం. 18 నుండి 60 ఏళ్ల లోపువారు, గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. అది ఇటుకలు పేర్చేవారికే అని మన టైల్స్ మిస్త్రీల్లో ఎందరో అనుకుంటున్నారు. రంగులు వేసేవారు, వైరింగు చేసేవారు, పలకలు పరచేవారు అందరూ నిర్మాణ కార్మికులే. నమోదు చేసుకుని గడువు దాటిపోనిచ్చినవారూ ఉన్నారు. ప్రమాదం జరిగిన తరువాత కార్డు వెదికితే ప్రయోజనం లేదు. 2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో రాజమిస్త్రీ ఉంది. శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల రూపాయల సాయం అందులో ఉన్నాయి. అయితే ఆ శిక్షణ కొద్ది రోజులది, అప్పటికే పని వచ్చినవారి కోసం. మేము గడిపిన ఏడాది వంటి ఏడాదికి అందులో చోటు లేదు.

దుమ్ము గురించి కూడా ఒక మాట. టైల్స్‌ను పొడిగా కోసినప్పుడు లేచే తెల్లని దుమ్ములో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. వచ్చాక నయం చేసే మందు లేదు. ముఖానికి కట్టుకునే దస్తీ ఆ సన్నని దుమ్మును ఆపదు. నీళ్లు పోస్తూ కోయాలి, వీలైతే ఆరుబయట కోయాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి. నీళ్లూ కరెంటూ ఒకేచోట కలిసే పని గనుక అతుకుల తీగలతో యంత్రం నడపకూడదు. పని వల్ల వచ్చే జబ్బులకు పరిహారం ఇచ్చే చట్టంలోని జాబితాలో సిలికోసిస్ కూడా ఉంది. అయితే, పని ఎక్కడ చేశామో చూపే కాగితం లేనివాడు పరిహారం ఎవరిని అడగగలడు? మళ్లీ ఆ పుస్తకం దగ్గరకే వస్తున్నాము.

ఇక మా విన్నపాలు. మొదటిది కుటుంబాలకు. పని మార్చుకున్న మనిషిని పాత పేరుతో పిలిచి ఓదార్చవద్దు. కొత్త పని ఎలా ఉందని అడగండి.

రెండోది మసీదు కమిటీలకు, జకాత్ నిర్వహించే పెద్దలకు. రంజాన్‌లో రేషన్ కిట్లు ఇస్తున్నారు, మంచిదే. దానితో పాటు, పని నేర్చుకుంటున్న ఒక్క మనిషిని ఎంచుకుని, నెలకు 5 వేల రూపాయల చొప్పున ఆరు నెలలు ఆదుకోండి. మొత్తం 30 వేలు. ఒక వలీమాలో ఒక పూట భోజనాలకు ఎంత అవుతుందో మీకు మాకన్నా బాగా తెలుసు. ఆ 30 వేలతో ఆ ఇల్లు మరుసటి రంజాన్‌కు తీసుకునే చేతుల్లో నుండి ఇచ్చే చేతుల్లోకి మారవచ్చు.

మూడోది తోటి ఉస్తాదులకు. మీ దగ్గరకు పెద్ద వయసువాడు పని అడుగుతూ వస్తే, ఈ వయసులో నీకెందుకు అనకండి. పద్నాలుగేళ్లు నిండని పిల్లవాడిని తెచ్చి పనిలో పెట్టుకొమ్మని తండ్రే అడిగినా, పంపించి వేయండి. అది చట్టం చెప్పే మాట మాత్రమే కాదు. మేము టీచర్లుగా చెబుతున్నాము: మా జీవితాన్ని చూపి, చదువు ఎందుకు, చివరికి చేసేది ఇదే గదా అని పిల్లలను బడి మాన్పిస్తే మాకు చేసే అన్యాయం అంతకన్నా మరొకటి ఉండదు. లెక్క తెలిసినందువల్లే మేము త్వరగా పని పట్టుకోగలిగాము. చదవడం, రాయడం వచ్చినందువల్లే మా కూలి మేము అడిగి తీసుకోగలుగుతున్నాము. మా ఉస్తాద్ తన కూతురిని బడికి పంపుతున్నాడు. లెక్కల్లో సందేహం వస్తే సాయంత్రం మా ఇంటికి పంపుతాడు. మేము ఆమెకు దారం పట్టి చూపిస్తాము.

నాలుగోది ప్రభుత్వానికి. నైపుణ్య శిక్షణకు తరగతి గదులు, ధ్రువపత్రాలు ఏర్పాటు చేస్తున్నారు. పని స్థలంలో, మిస్త్రీ దగ్గర నేర్చుకునే నడి వయసువారికి కూడా భత్యం ఇవ్వండి. నేర్పే మిస్త్రీకి కొంత ఇవ్వండి. మాకు నేర్పినందుకు మా ఉస్తాద్‌కు ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు.

ముగించే ముందు ఒక సంగతి. వచ్చే నెల నుండి మా దగ్గర ఇద్దరు కొత్తవాళ్లు చేరుతున్నారు. ఒకరు జిరాక్స్ దుకాణం మూసివేసినవారు, వయసు నలభై రెండు. మరొకరు మా వంటి టీచరే. మొదటి మూడు నెలలు వారికి రోజుకు 400 రూపాయలు ఇవ్వాలని మేము నిర్ణయించుకున్నాము. మా శక్తి అంతవరకే. ఇద్దరికీ ఇంటి అద్దెలు ఉన్నాయి, బడికి వెళ్లే పిల్లలు ఉన్నారు. ఆ రెండు ఇళ్లలో బియ్యం సంగతి ఇంకా తేలలేదు. సభ ముగిసిన తరువాత మేము ఈ ద్వారం దగ్గరే ఉంటాము. ఆ సంగతి మాట్లాడదలచిన పెద్దలు దయచేసి ఒక్క నిమిషం ఆగండి.